మిల్లీసెకను పక్కన మరో మూడు అంకెలు కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

5జీ గురించో, ఫ్యాక్టరీల్లో రోబోల గురించో, దూరం నుంచి చేసే శస్త్రచికిత్సల గురించో తెలుగు పత్రికల్లో వార్త వచ్చిందంటే అందులో ఒక అంకె తప్పకుండా కనిపిస్తుంది: సందేశం చేరడానికి పట్టే ఆలస్యం ఒక్క మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు. టెండరు పత్రాల్లోనూ, ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ అదే అంకె తిరుగుతోంది. అది అబద్ధమని మేము అనడం లేదు. కానీ సందేశంలో ఎన్ని బిట్లున్నాయి, ఎన్ని సందేశాల్లో ఒకటి చెడిపోతే ఒప్పుకుంటాం, ఆ రేడియో ఛానెల్‌ను ఎంతమంది పంచుకుంటున్నారు అన్నవి చెప్పకుండా మిల్లీసెకను అనడం, ఊరి పేరు చెప్పకుండా ఎకరం ధర చెప్పడం లాంటిది. ఈ నాలుగు అంకెలూ ఒకే తాటికి కట్టి ఉన్నాయి. ఒకదాన్ని లాగితే మిగతావి కదులుతాయి. ఎంత కదులుతాయన్నది కంపెనీల చేతిలో ఉన్న విషయం కాదు, గణితం తేల్చేసింది.

ముందు ఈ మిల్లీసెకను ఎక్కడిదో చూద్దాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2017లో 5జీకి ఉండాల్సిన కనీస అర్హతలను ప్రకటించింది. మామూలు మొబైల్ డేటాకు 4 మిల్లీసెకన్లు, అత్యంత నమ్మకంగా, తక్కువ ఆలస్యంతో నడవాల్సిన సేవలకు 1 మిల్లీసెకను అని అందులో ఉంది. దాని పక్కనే షరతు కూడా ఉంది: నెట్‌వర్క్ మీద భారం లేనప్పుడు, అంటే ఒక్కరే వాడుతున్నప్పుడు, చిన్న ప్యాకెట్‌కు. అది కూడా రేడియో భాగం వరకే. టవర్ వెనక ఉన్న ఫైబర్, సర్వర్ ఆ లెక్కలోకి రావు. నమ్మకానికి వేరే అర్హత పెట్టారు: 32 బైట్ల సందేశం 1 మిల్లీసెకనులో చేరాలి, లక్షలో ఒకటికి మించి చెడకూడదు. వార్తల్లోకి వచ్చేసరికి 'ఒక్కరే వాడుతున్నప్పుడు' అన్న మాట జారిపోయింది. అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్ 1948లో రాసిన వ్యాసంలో, రొద (నాయిస్) ఉన్న ఛానెల్‌లో కూడా ఒక హద్దు లోపల ఎంత తక్కువ తప్పుతోనైనా సమాచారం పంపొచ్చని నిరూపించాడు. ఆ హద్దునే ఛానెల్ కెపాసిటీ అంటాం. సిగ్నల్ బలం రొద బలానికి సమానంగా ఉంటే, 1 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్‌లో ఆ హద్దు సెకనుకు 10 లక్షల బిట్లు. ఇంతవరకు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. విద్యార్థులు తరచూ మరిచిపోయే షరతు ఒకటుంది. సందేశాన్ని ఎంత పొడవుగానైనా సాగదీసి కోడ్ చేసే, అంటే తప్పులు సరిదిద్దుకునేలా అదనపు బిట్లు కలిపి కట్టే, వీలుంటేనే ఆ హద్దును అందుకోగలం. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. కుండంతా ఒకే మంట మీద ఉంటుంది కాబట్టి అది నిజం. రొద అలా ఉండదు, ఇక్కడ ప్రతి మెతుకూ విడిగా ఉడుకుతుంది. వేల మెతుకులు పట్టి చూస్తే సగటు నిలకడగా ఉంటుంది. రెండు మూడు వందలతో సరిపెట్టుకోవాలంటే ఆ సగటు ఊగుతుంది. ఆ ఊగిసలాటకు ముందుగానే కొంత జాగా వదిలిపెట్టుకోక తప్పదు.

ఎంత జాగా వదలాలో లెక్క ఉంది. వోల్కర్ స్ట్రాసెన్ 1962లో దీనికి పునాది వేశాడు. 2010లో యూరీ పోల్యాన్‌స్కీ, విన్సెంట్ పూర్, సెర్జియో వెర్డూ దాన్ని ఇంజనీర్లు నేరుగా వాడుకునే సూత్రంగా ఇచ్చారు. రేడియో ఛానెల్‌ను గళ్ల కాగితం అనుకోండి. అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ. 1 మెగాహెర్ట్జ్‌ను 1 మిల్లీసెకను పాటు వాడితే 1000 గడులు. సిగ్నల్, రొద సమానంగా ఉన్నప్పుడు ఒక్కో గడికి కెపాసిటీ 1 బిట్. సూత్రం ఇలా నడుస్తుంది: గడుల సంఖ్యకు వర్గమూలం తీయండి. దాన్ని 1.25తో గుణించండి. ఈ 1.25 ఈ ఛానెల్ ఊగిసలాటకు కొలత. లక్షలో ఒక తప్పు వరకే ఒప్పుకుంటే వచ్చినదాన్ని 4.26తో, వెయ్యిలో ఒకటి ఒప్పుకుంటే 3.09తో గుణించండి. మొత్తం గడుల నుంచి ఆ విలువ తీసేసి, చిన్న సవరణగా గడుల సంఖ్యకు 2 ఆధారంగా తీసిన లాగరిథంలో సగం కలపండి. చేరగల బిట్లు అవే.

32 బైట్లంటే 256 బిట్లు. షానన్ హద్దు ప్రకారం 256 గడులు చాలాలి. పై లెక్కలో 352 గడులు పెట్టి చూడండి. వర్గమూలం 18.76. దాన్ని 1.25తో, 4.26తో గుణిస్తే సుమారు 100. 352 నుంచి 100 తీసి 4 కలిపితే 256. అంటే ప్రపంచంలో ఎవరు ఎంత గొప్ప కోడ్ కట్టినా 32 బైట్లకు దాదాపు 352 గడులు కావాలి. కెపాసిటీ చెప్పినదాని కన్నా ఇది 37 శాతం ఎక్కువ. అదే 20,000 గడుల పొడవున్న వీడియో ముక్కయితే నష్టం 4 శాతం లోపే. అందుకే సినిమా చూసేవారికి ఈ చిక్కు తెలియదు, యంత్రాన్ని నడిపేవారికి తెలుస్తుంది.

ఈ లెక్కలోనే ఒక మంచి కబురు కూడా ఉంది. వెయ్యిలో ఒక తప్పుకు 321 గడులు కావాలి. అక్కడి నుంచి లక్షలో ఒకటికి వెళ్లడానికి అదనంగా అయ్యేది 31 గడులే. నమ్మకాన్ని వంద రెట్లు పెంచడానికి పదో వంతు ఖర్చు! ఇది చూసి, లక్షలో ఒకటి అంటే తేలికేనని చాలామంది పొరబడతారు. ఛానెల్ నిలకడగా ఉండి, రొద ఒక్కటే శత్రువైతే అది నిజంగానే తేలిక. గాలిలో నడిచే రేడియోకు అసలు శత్రువు ఫేడింగ్.

గోడలకూ యంత్రాలకూ తగిలి వచ్చిన తరంగాలు ఒకదానినొకటి కొట్టేసుకుంటే సిగ్నల్ ఒక్కసారిగా లోతుకు పడిపోతుంది. నేరుగా కనిపించే దారి లేని చోట ఒకే యాంటెన్నాతో ఈ గుంతలో పడే అవకాశాన్ని లక్షకు ఒకటికి తేవాలంటే, సగటు సిగ్నల్ కావలసినదానికన్నా 50 డీబీ (డెసిబెల్), అంటే లక్ష రెట్లు, ఎక్కువ ఉండాలి. అంత పవర్ ఎవరూ పెట్టలేరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులుంటే 23.5 డీబీ చాలు. నాలుగు దారులుంటే 9 డీబీ, అంటే 8 రెట్లు. లక్ష రెట్లు 8 రెట్లకు దిగింది! కాబట్టి 1 మిల్లీసెకను సేవ అమ్ముతామని వచ్చిన వారిని అన్నిటికన్నా ముందు అడగాల్సింది యాంటెన్నాల సంఖ్య. తర్వాత వాటి మధ్య దూరం. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు. చుట్టూ అడ్డంకులున్న చోట కనీసం అందులో సగం ఎడం ఉంటేనే రెండు యాంటెన్నాలు వేర్వేరు దారులుగా పనికొస్తాయి. డబ్బాలో జాగా లేదని రెండింటినీ పక్కపక్కన అతికిస్తే బిల్లులో రెండు యాంటెన్నాలుంటాయి, లాభం దాదాపు ఒక్కదానిదే.

ఇక్కడే తరచూ జరిగే తప్పు ఒకటుంది. 'మొదటిసారి చేరకపోతే అర మిల్లీసెకను తర్వాత మళ్లీ పంపుతాం' అంటారు. ఫేడింగ్ ఎంత త్వరగా మారుతుందో లెక్క వేయండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి చేతిలోని పరికరానికి 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఛానెల్ మారడానికి సుమారు 26 మిల్లీసెకన్లు పడుతుంది. 50 కిలోమీటర్ల వేగమున్న బండిలోనైనా సుమారు రెండున్నర మిల్లీసెకన్లు. అర మిల్లీసెకను తర్వాత అదే ఫ్రీక్వెన్సీలో మళ్లీ పంపితే అదే గుంతలో పడుతుంది. రెండో కాపీని తప్పనిసరిగా వేరే ఫ్రీక్వెన్సీలో పంపాలి. ఆ ఎడం ఎంతుండాలన్నది ప్రతిధ్వనులు ఎంతసేపు సాగుతాయన్న దాని మీద ఆధారపడుతుంది. 100 నానోసెకన్లు సాగే ఫ్యాక్టరీ షెడ్డులో కనీసం 2 మెగాహెర్ట్జ్ దాటి దూకాలి.

గడులను ఎలా పేర్చాలన్నది కూడా ఆలస్యం మీద ఆధారపడుతుంది. 5జీలో 30 కిలోహెర్ట్జ్ అమరిక తీసుకోండి. సబ్‌క్యారియర్ అంటే గళ్ల కాగితంలో ఒక అడ్డు వరుస, 30 కిలోహెర్ట్జ్ వెడల్పున్న పట్టీ. అలాంటివి 12 కలిస్తే ఒక రిసోర్స్ బ్లాక్, 360 కిలోహెర్ట్జ్. ఒక సింబల్, అంటే కాలం వైపు ఒక గడి, నిడివి సుమారు 36 మైక్రోసెకన్లు (మైక్రోసెకను మిల్లీసెకనులో వెయ్యో వంతు). తొందర కోసం రెండు సింబళ్ల మినీస్లాట్ (పొట్టి వంతు) వాడారనుకోండి. ఛానెల్‌ను కొలవడానికి పైలట్లు, అంటే రిసీవర్‌కు ముందే తెలిసిన సిగ్నళ్లు, పంపాలి. వాటికి ఒక సింబల్ పూర్తిగా పోతే బ్లాకుకు మిగిలేది 12 గడులు. మన 352 గడులకు 30 బ్లాకులు, అంటే 10.8 మెగాహెర్ట్జ్ కావాలి. ఏడు సింబళ్ల మినీస్లాట్ అయితే పైలట్ సింబల్ పోగా బ్లాకుకు 72 గడులు మిగులుతాయి. 5 బ్లాకులు, 1.8 మెగాహెర్ట్జ్ చాలు. 71 మైక్రోసెకన్లలో పంపాలా, 250 మైక్రోసెకన్లలో పంపాలా అన్న ఒక్క నిర్ణయంతో స్పెక్ట్రమ్ ఖర్చు ఆరు రెట్లు మారింది. స్పెక్ట్రమ్ వేలంలో ఒక్కో మెగాహెర్ట్జ్ ఎంత పలుకుతుందో తెలిసినవారికి దీని బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఇక పంచుకోవడం దగ్గరికి వద్దాం. మా దృష్టిలో ఎక్కువ అపోహలున్న చోటు ఇదే.

ఎవరి వంతు ఎప్పుడో ముందే పంచిపెడితే గుద్దులాట ఉండదు. వంద యంత్రాలు ప్రతి మిల్లీసెకనుకూ 32 బైట్లు పంపాలంటే 35,200 గడులు, పైలట్లూ, వంతుల మధ్య ఖాళీగా వదిలే కాపలా విరామాలూ కలపకముందే 35 మెగాహెర్ట్జ్. షానన్ హద్దును మాత్రమే చూసి డిజైన్ చేసినవారు 25.6 అనుకుంటారు. మొదటి రోజే సరిపోదు. టవర్ నుంచి యంత్రాలకు వెళ్లే దిశలో ఒక ఉపాయం ఉంది: పది యంత్రాల సందేశాలను ఒకే పొడవాటి కోడ్‌గా కట్టడం. విడివిడిగా 3,520 గడులు పట్టేవి కలిపి కడితే సుమారు 2,840కి దిగుతాయి. ఊరికే రాదు లెండి. ప్రతి యంత్రమూ తనకు అక్కరలేని తొమ్మిది సందేశాలను కూడా విప్పాలి, బ్యాటరీ ఖర్చవుతుంది. సిగ్నల్ అందరిలోకీ బలహీనంగా ఉన్న యంత్రానికి తగినట్టు కోడ్ కట్టాలి. యంత్రాల నుంచి టవర్‌కు వెళ్లే దిశలో ఇది కుదరదు, ఎవరి సందేశం వారి దగ్గరే ఉంటుంది మరి.

అందరూ ప్రతిక్షణం మాట్లాడరు కదా, అవసరమైనప్పుడే పంపితే పోలేదా అంటారు. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపిన అలోహా నెట్‌వర్క్ ఆ పద్ధతిదే. కాలాన్ని స్లాట్లుగా విడగొట్టి ఎవరికి వారు పంపితే ఎంత బాగా నడిచినా వందకు 37 స్లాట్లే పనికొస్తాయని అందరికీ తెలుసు. తక్కువ ఆలస్యానికి ఆ 37 అసలు పనికిరాని అంకె. వెయ్యి సెన్సర్లు, ఒక్కొక్కటీ సగటున 10 సెకన్లకు ఒకసారి పంపుతుందనుకోండి. స్లాట్ 1 మిల్లీసెకను. పది స్లాట్లకు ఒక సందేశం, ఛానెల్ తొంభై శాతం ఖాళీ. అయినా ఒక సందేశం మరొకదానితో గుద్దుకునే అవకాశం 9.5 శాతం. అడిగినది లక్షలో ఒకటి, వచ్చింది పదిలో ఒకటి. మళ్లీ పంపకుండా గుద్దుళ్లను లక్షలో ఒకటికి తేవాలంటే లక్ష స్లాట్లకు ఒక్క సందేశమే ఉండాలి. ఈ సెన్సర్లతో ఆ స్థితికి రావాలంటే స్లాట్లు పదివేల రెట్లు పెంచాలి.

సరే, ఒక్కో సందేశానికి నాలుగైదు కాపీలు వేర్వేరు స్లాట్లలో పంపితే? లెక్క చూడండి. రెండు కాపీలకు అన్నీ పోయే అవకాశం 3.3 శాతానికి దిగుతుంది. మూడింటికి 1.7. నాలుగింటికి 1.2. ఏడు కాపీల దగ్గర 0.82. ఎనిమిదో కాపీతో మళ్లీ పైకి వెళుతుంది. పదికి 1 శాతం దాటుతుంది. సంతలో అందరూ గొంతు పెంచినట్టే, ఒకరి కాపీలు మరొకరికి రొద అవుతాయి. నూటికి ఒకటి దగ్గరే ఆగిపోయాం, లక్షలో ఒకటి ఇంకా వెయ్యి మెట్ల దూరంలో ఉంది. కాపీల సంఖ్య పెంచితే నమ్మకం పెరుగుతుందని గుడ్డిగా సెట్టింగ్ మార్చే చోట్ల జరిగేది ఇదే. రోజూ కొద్ది పరికరాలతో పరీక్షించినప్పుడు బాగా నడుస్తుంది, అలారం మోగి అన్ని సెన్సర్లూ ఒకేసారి మాట్లాడిన క్షణాన మొత్తం కూలుతుంది.

గుద్దుకున్న సిగ్నళ్లను పారేయకుండా విడదీయడం ఇంకో దారి. ఇద్దరు ఒకేసారి మాట్లాడినా రిసీవర్ ఇద్దరినీ వినగలదని, ఎంతవరకు వినగలదో ఆ హద్దును కూడా అల్స్వీడ 1971లో, లియావో 1972లో నిరూపించారు. ఇద్దరి సిగ్నలూ రొదకు 15 రెట్లు అనుకుందాం. పవర్ పెంచకుండా వంతులవారీగా పంపితే ఇద్దరికీ కలిపి గడికి 4 బిట్లు. ఒకేసారి పంపితే 4.95. ఎలాగంటే, ఒకరిని రొదగా లెక్కేసి రెండోవారి 0.95 బిట్ ముందు విప్పుతారు. దాన్ని వచ్చిన సిగ్నల్‌లోంచి తీసేస్తే మిగిలినవారికి 4 పూర్తిగా దొరుకుతాయి. చాలా అందమైన ఫలితం. కానీ పొట్టి సందేశాల్లో రెండు తేళ్లున్నాయి. మొదటిది విప్పడంలో తప్పు జరిగితే రెండోది కూడా పోతుంది. ఛానెల్‌ను కొద్దిపాటి పైలట్లతో కొలిచి ఉంటాం కాబట్టి తీసేసినప్పుడు అవతలి సిగ్నల్ పూర్తిగా పోదు, అడుగున మడ్డి మిగులుతుంది. 15 రెట్లున్న సిగ్నల్‌లో 5 శాతం మిగిలినా అది రొదకు మూడు వంతులు, అంటే 0.75 రెట్లు.

మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న వైఫైని కూడా దగ్గరగా చూడాలి, ఎందుకంటే చిన్న ఫ్యాక్టరీలు చాలావరకు దాని మీదే యంత్రాలు నడుపుతున్నాయి. 5 గిగాహెర్ట్జ్, 54 మెగాబిట్ల వేగం, సంప్రదాయ పద్ధతి. 32 బైట్లు పంపడానికి నిజంగా పట్టేది 5 మైక్రోసెకన్ల లోపు. కానీ ముందు 34 మైక్రోసెకన్లు నిశ్శబ్దం కోసం ఆగాలి. తర్వాత 0 నుంచి 15 వరకు ఒక అంకె ఎంచుకుని, ఒక్కోదానికి 9 చొప్పున వేచి ఉండాలి, సగటున 67. రిసీవర్‌ను సిద్ధం చేసే ప్రియాంబుల్ 20. చిరునామాల్లాంటి వివరాలుండే హెడర్లన్నీ కలిపితే సందేశం 98 బైట్లవుతుంది, 16. మళ్లీ 16 విరామం, అందిందన్న రసీదుకు 28. మొత్తం 180 పైన. ఐదు మైక్రోసెకన్ల సరుకుకు నూట ఎనభై మైక్రోసెకన్ల ప్రయాణం. అదీ ఒక్క పరికరమే ఉంటే. పది పరికరాలు ఒకేసారి కాచుకుని ఉంటే ఒకదాని అంకె ఇంకొకదానితో కలిసే అవకాశం 44 శాతం. కలిస్తే రెండూ చెడి, తర్వాతిసారి 0 నుంచి 31 వరకు ఎంచుకోవాలి. రూటర్ డబ్బా మీద రాసిన గిగాబిట్లు ఈ కథలో దేన్నీ మార్చవు. వేగం పదింతలు చేసినా తగ్గేది ఆ 16లో కొంత భాగమే. ఇలాంటి చోట కొత్త వైఫై ప్రమాణాల్లో ఉన్న, యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే డబ్బా) వంతులు పంచే పద్ధతిని ఆన్ చేయాలి. అది కొన్న పరికరాల్లో రెండు వైపులా ఉందో లేదో డబ్బు చెల్లించకముందే చూసుకోవాలి.

'అందింది, అందలేదు' అని తిరిగి కబురు రావడం వల్ల ఏమన్నా లాభమా? ఒక క్షణపు రొదకు ముందటి రొదతో సంబంధం లేని, అంటే జ్ఞాపకం లేని ఛానెల్‌కు ఫీడ్‌బ్యాక్ కెపాసిటీని పెంచదని షానన్ 1956లోనే చూపాడు. పొట్టి సందేశాల విషయంలో మాత్రం ఫీడ్‌బ్యాక్ ప్రాణం పోస్తుంది. పోల్యాన్‌స్కీ, పూర్, వెర్డూ 2011లో ఇచ్చిన ఉదాహరణలో, కెపాసిటీ అర బిట్ ఉన్న ఛానెల్‌లో 90 శాతం కెపాసిటీ అందుకోవడానికి నిడివి మారని కోడ్‌లకు కనీసం 3,100 సార్లు ఛానెల్ వాడాలి. అందగానే ఆపమని చెప్పే ఫీడ్‌బ్యాక్ ఉంటే సగటున 200 లోపే చాలు. ఇక్కడ 'సగటున' అన్న మాట మీద వేలు పెట్టి చదవండి. తొందరగా ముగిసేవి ఎక్కువ, ఎప్పుడో ఒకటి చాలాసేపు లాగుతుంది. 1 మిల్లీసెకను గడువు ఉన్నవారికి ఆ ఒక్కటే ప్రమాదం. మామూలు మొబైల్ నెట్‌వర్క్ మొదటి ప్రయత్నంలో పదిలో ఒకటి పోయినా పర్వాలేదన్నట్టు నడుస్తుంది, మళ్లీ పంపి సరిచేసుకుంటుంది. గడువులో రెండో ప్రయత్నానికి చోటు లేకపోతే మొదటిసారే లక్షలో ఒకటి సాధించాలి. అందుకే 5జీలో ఆ తప్పు స్థాయికి విడిగా ఛానెల్ నాణ్యత పట్టిక పెట్టారు.

మన దేశపు 5జీలో ప్రధానమైన 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పైకీ (ఫోన్ నుంచి టవర్‌కు) కిందికీ (టవర్ నుంచి ఫోన్‌కు) ఒకే ఫ్రీక్వెన్సీ, కాలంలో వంతులు. ఈ బ్యాండ్‌లో విరివిగా వాడే ఒక అమరికలో అర మిల్లీసెకను స్లాట్లు ఐదు: మూడు కిందికి, ఒకటి మార్పిడికి, ఒకటి పైకి. ఫోన్ నుంచి టవర్‌కు వెళ్లే వంతు రెండున్నర మిల్లీసెకన్లకు ఒకసారే పూర్తిగా వస్తుంది. వంతు దాటగానే సందేశం పుడితే దాదాపు రెండు మిల్లీసెకన్లు ఊరికే కూర్చోవాలి. ముందుగా అనుమతి అడగాల్సి వస్తే ఇంకో చుట్టు. ఈ అమరికలో పైకి వెళ్లే ప్రతి సందేశానికీ 1 మిల్లీసెకను హామీ ఇవ్వడం ఎవరి తరమూ కాదు. ఇక దూరం. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు పడుతుంది. హైదరాబాద్ నుంచి ముంబై వరకు గీత గీసినట్టు ఫైబర్ వేసినా 600 కిలోమీటర్ల పైమాటే. వెళ్లి రావడానికి కనీసం 6 మిల్లీసెకన్లు. సర్వర్ అక్కడ ఉంచి ఇక్కడ మిల్లీసెకను అంటే కాంతి వేగాన్ని మించాలి.

అసలు మీ పనికి ఎంత ఆలస్యం చాలు అన్న ప్రశ్న ఎవరూ అడగడం లేదు, మాకు బాధ కలిగించేది అదే. రైళ్ల భద్రతకు మన రైల్వే తయారు చేసుకున్న కవచ్‌నే తీసుకోండి. 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలో గుల్లగూడ, చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య జరిగిన ప్రదర్శనలో ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో రైలు తనంతట తానే ఆగింది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు మిల్లీసెకనులో కదిలేది నాలుగున్నర సెంటీమీటర్లు, వంద మిల్లీసెకన్లలో నాలుగున్నర మీటర్లు. నాలుగు మీటర్ల తేడా ఆ 380లో ఎంత? 2021లో రైల్వేకు కేటాయించిన 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌లో అదే వేగానికి ఛానెల్ సుమారు 4 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. అంటే వంద మిల్లీసెకన్లు గడువు ఇస్తే పాతిక వేర్వేరు అవకాశాలు దొరుకుతాయి. మిల్లీసెకనే కావాలని పట్టుబడితే దొరికేది ఒక్కటి. గడువు కాస్త సడలిస్తే నమ్మకం ఎన్నో రెట్లు పెరిగే చోట గొప్ప కోసం గడువు బిగించడం ప్రాణాలతో ముడిపడ్డ పనిలో చేయకూడనిది. సందేశం రాకపోతే ఏం చేయాలన్నది కూడా డిజైన్‌లో భాగమే. కబురు ఆగితే భద్రమైన స్థితికే వెళ్లాలన్న రైల్వే సిగ్నలింగ్ సూత్రం శస్త్రచికిత్స రోబోకూ, ఫ్యాక్టరీ క్రేన్‌కూ అంతే అవసరం.

పరీక్షల గురించి కూడా చెప్పాలి. అవతలి కంప్యూటర్ నుంచి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే పింగ్ కమాండ్, విండోస్‌లో మామూలుగా నాలుగు ప్యాకెట్లు పంపి సగటు చూపిస్తుంది. ఆ సగటుతో లక్షలో ఒకటి గురించి ఏమీ తెలియదు. లక్షలో ఒకటికి మించి పోవని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఒక్కటీ పోకుండా, గడువు దాటకుండా కనీసం 3 లక్షల ప్యాకెట్లు చేరాలి. పది మిల్లీసెకన్లకు ఒకటి పంపితే యాభై నిమిషాల పని. ఒకే చోట యాభై నిమిషాలు ఉంచితే ఆ ఒక్క చోటు ఫేడింగ్‌నే కొలిచినట్టు, కాబట్టి పరికరాన్ని షెడ్డంతా తిప్పాలి, క్రేన్ కదులుతుండగా కొలవాలి. మిగతా పరికరాలన్నీ మాట్లాడుతుండగా కొలవాలి. రానుపోను సమయాన్ని సగం చేసి ఒకవైపు ఆలస్యం అనకూడదు, పైన చెప్పిన వంతుల వల్ల రెండు దిశలూ సమానం కావు. రెండు చివరలా గడియారాలను జీపీఎస్‌తోనో, ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్‌తోనో కలిపి విడిగా కొలవాలి.

మా విన్నపం ఇది. ఇలాంటి వార్త వచ్చినప్పుడు మీ విలేకరులు ఎదుటివారిని అడిగి, ఆ వాక్యాన్ని ఇలా అచ్చు వేయండి: 'వంద యంత్రాలు కలిసి వాడుతుండగా, 32 బైట్ల సందేశం, 1 మిల్లీసెకనులో, లక్షలో ఒకటికి మించి చెడకుండా.' ఈ నాలుగింట్లో ఏది చెప్పకపోయినా, 'ఆ వివరం సంస్థ ఇవ్వలేదు' అని పక్కనే రాయండి. ప్రజాధనంతో కొనే వ్యవస్థ అయితే ఎన్ని ప్యాకెట్లతో, ఎక్కడెక్కడ, ఎంతమంది వాడుతుండగా పరీక్షించారో కూడా అడగండి.

ఇట్లు,
వైర్‌లెస్ కమ్యూనికేషన్ రంగంలో పనిచేస్తున్న, బోధిస్తున్న కొందరు ఇంజనీర్లు,
హైదరాబాద్